ఆయన తొక్కింది క్లచ్

తోట ట్రాక్టర్ ఇంజనును రేసు చేసి పాడుచేశాడని చెప్పి డ్రైవరును పనిలోంచి తీసేశారు. డ్రైవరు ఇంజనును రేసు చెయ్యలేదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికే కలం పట్టాను. మిగతాదంతా వివరణ.

వర్క్‌షాపుల్లో కొత్తగా చేరే కుర్రాళ్లు ఇది చదువుతారని నా ఆశ. మీకు ఐటీఐలో ఇంజను గురించి చెప్పే ఉంటారు. ఇంజను పాడైన సాయంత్రం మనుషులు ఎలా ఉంటారో చెప్పి ఉండరు.

మా నాన్న రైల్వేలో ఖలాసీగా పార్వతీపురం నుంచి రాయపూర్ వచ్చాడు. నా బడి చదువు మధ్యలోనే ఆగింది. తెలుగు అక్షరాలు మా అమ్మ చేటలో బియ్యం పరిచి వేలితో రాయించింది. హిందీ దుకాణాల బోర్డులు చూసి వచ్చింది. ఇంగ్లీషు మాత్రం మెషీన్లతో వచ్చే పుస్తకాల్లోంచి, ఒక్కో మాటా పట్టుకుని, బొమ్మతో పోల్చుకుని నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ‘వాల్వు’, ‘గాస్కెట్టు’ లాంటి మాటలకు స్పెల్లింగు తెలుసు, ‘లవ్వు’కు తెలీదు.

రాయపూర్ రాజధాని అయిన కొత్తల్లో నేను ఊరి పక్కన ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్లో మెయింటెనెన్సు మిస్త్రీని. యజమానిని అందరూ సేఠ్ అనేవారు. ఆయనకు ధర్సీవా వైపు జామ, మామిడి తోట ఉండేది. వాళ్ల నాన్న పెట్టిన తోట. ఆ పెద్దాయన చెట్ల వరసల మధ్య తిరగడానికి కొన్న చిన్న డీజిల్ ట్రాక్టర్ ఒకటి, ఆయన పోయాక, రేకుల షెడ్డులో పడి తుప్పు పట్టింది. ఒకరోజు దాన్ని లారీలో వేసుకొచ్చి మా షెడ్డు ముందు దించారు. సీటు స్ప్రింగుల్లో పిట్ట గూడు ఉంది. సైలెన్సరులోంచి ఎండుటాకులు రాలాయి.

“విశ్వకర్మ పూజ నాటికి ఇది నడవాలి మిస్త్రీజీ. మాజీ కోరిక” అన్నాడు మేనేజరు. మాజీ అంటే సేఠ్ తల్లి. తన భర్త నడిపించిన బండి మళ్లీ తిరగడం చూడాలని ఆమె కోరిక. కోరికలో తప్పేముంది? నేను సరే అన్నాను.

బండితోపాటు డ్రైవరు కూడా వచ్చాడు. ధర్సీవా దగ్గరి మనిషి. పెద్దాయన కాలం నుంచి తోటలో ఆ బండి ఆయనదే. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. కుడి మణికట్టు వంకరగా అతికింది. ఆ బండిని హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాలి. ఒకసారి ఇంజను వెనక్కి తన్ని ఆ చెయ్యి విరిచింది. అయినా బండిని ఆయన ‘డోకరా’ అనేవాడు. వాళ్ల ఛత్తీస్‌గఢీలో ముసలాడు అని. దాని బానెట్ మీద చెయ్యి వేసి, “మా డోకరాకి మందు ఇచ్చి బతికించు భయ్యా” అన్నాడు నాతో. ఆయన మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. ఆ మెత్తదనం తెలుగులోకి పూర్తిగా రాదు.

నాతో ఉన్న ఇంకో మనిషి మా వెల్డరు. వాళ్లదీ రైల్వే కుటుంబమే, టెక్కలి దగ్గర. ఆదివారం చర్చికి, విశ్వకర్మ పూజకి ఒకే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. “ప్రభువేమీ అనుకోడు గురూ, ఆయనా వడ్రంగోడే గదా” అనేవాడు. దానికి ఎదురు చెప్పే తెలివి నాకు లేదు.

పనంతా చెప్పి విసిగించను. లైనరు, పిస్టను కొత్తవి వేశాం. పంపు, నాజిలు పట్నంలో బాగుచేయించాం. బ్రేకులు కట్టాం. రెండు కొత్త పనులు మాత్రం చెప్పాలి. మొదటిది సెల్ఫ్. హ్యాండిల్‌తో పని లేకుండా, ఫ్లైవీల్‌కి పళ్ల రింగు వేడి చేసి ఎక్కించి, మోటారు బిగించాం. మొదటిసారి సెల్ఫ్ తిప్పినప్పుడు డ్రైవరు తన వంకర మణికట్టు వైపు చూసుకుని, “ఇది ముందే ఉంటే నాకు పెళ్లిచూపుల్లో చెయ్యి దాచుకునే బాధ తప్పేది” అన్నాడు.

రెండోది ఎయిర్ క్లీనరు. ఉర్లా గాలి సంగతి ఇక్కడ బట్టలు ఆరేసినవాళ్లకు తెలుసు. తెల్ల చొక్కా ఆరేలోపే బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ నల్లదుమ్ము ఇంజనులోకి పోతే కొత్త లైనరు ఏడాది కూడా ఉండదు. పాత బండికి ఉన్నది ఉత్త తీగల జల్లెడ. దాని బదులు నూనె గిన్నె ఉండే క్లీనరు పెట్టాను. గాలి పైనుంచి దిగి గిన్నెలో నూనెకు తగులుతుంది, దుమ్ము నూనెలో ఉండిపోతుంది, మంచి గాలి ఇంజనుకు పోతుంది. కింద గిన్నెను రెండు క్లిప్పులు పట్టి ఉంచుతాయి. పానా అక్కర్లేదు, చేత్తో ఊడుతుంది.

నా భయం అక్కడ మొదలైంది. ఆ గిన్నెలో నూనె గీత దాటితే ఇంజను గాలితోపాటు నూనెనూ పీలుస్తుంది. డీజిల్ ఇంజనుకు నూనె అయితే చాలు, ఏ నూనె అని అడగదు. ఒకసారి అలా తాగడం మొదలుపెడితే డీజిల్ ఆపినా ఆగదు. వేగం పెరుగుతూనే ఉంటుంది, ఏదో ఒకటి విరిగేదాకా. నా చిన్నతనంలో ఒక బియ్యం మిల్లులో అలా జరగడం చూశాను. ఫ్లైవీల్ ముక్క ఇటుక గోడలోంచి అవతలికి పోయింది. గోడకి అవతల ఎవరూ లేరు, అది మా అదృష్టం. ఆ చప్పుడు మాత్రం నా చెవిలోంచి పోలేదు.

అందుకే గిన్నె లోపల తెల్ల రంగుతో గీత గీశాను. డ్రైవరును పిలిచి చూపించాను.

“ఈ గీత దాకానే. దాటితే డోకరా పిచ్చెత్తి పోతాడు.”

“లక్ష్మణరేఖ అన్నమాట” అన్నాడు.

“నవ్వకు. నిజంగా చెబుతున్నా.”

“నేనెక్కడ నవ్వాను భయ్యా? రావణుడు వస్తే నువ్వే చూసుకో.”

పూజకి ముందురోజు బండి నడిపి చూశాం. చక్కగా స్టార్ట్ అయింది. నిలిపే లివరు లాగితే చక్కగా ఆగింది. షెడ్డు చుట్టూ తిప్పాం. వెల్డరు బానెట్ మీద ముద్దు పెట్టాడు. నేను మాత్రం గిన్నె ఊడదీసి గీత చూసి మళ్లీ పెట్టాను. ఇంటికెళ్లాక అన్నం ముందు కూర్చుని కూడా అదే. మా ఆవిడ “ఏం, కూరలో ఉప్పు లేదా?” అంది. ఉందో లేదో నేను చూడలేదు.

పూజ గురించి చెప్పాలి. ఈ ప్రాంతంలో విశ్వకర్మ పూజ అంటే వర్క్‌షాపులన్నిటికీ పండగ. పానాలు, సుత్తులు, డ్రిల్లులు అన్నీ కడిగి, ఎర్ర గుడ్డ మీద దేవుడి ముందు పేరుస్తారు. బొట్లు పెడతారు. ఆ రోజు వాటిని ఎవరూ ఎత్తరు. పనిముట్లకు ఆ ఒక్క రోజే విశ్రాంతి. మర్నాడు పొద్దున దండం పెట్టి తీసుకుంటారు. ఆచారం మంచిదే. కానీ పానా ఎత్తకూడని రోజున కొత్తగా కట్టిన ఇంజనును నడపడం ఏమిటి? ఏదైనా అయితే నేను దేనితో విప్పాలి?

మేనేజరుతో అదే అన్నాను. “రేపు నడుపుదాం సాబ్. ఇవాళ దండ వేసి నిలబెడదాం.”

“ముహూర్తం ఇవాళ మిస్త్రీజీ, రేపు కాదు.”

“అయితే వెనక తగిలించే ట్రాలీలో పిల్లల్ని ఎక్కించొద్దు.”

“మాజీ మనవలు. వాళ్లు కాకపోతే ఇంకెవరు ఎక్కుతారు? మీరు ప్రతిదానికీ భయపడతారు” అని వీపు తట్టి వెళ్లిపోయాడు.

అవును, నేను ప్రతిదానికీ భయపడతాను. అందుకే నా చేతికి అన్ని వేళ్లూ ఉన్నాయి.

పూజకి ముందు నేను స్నానం చేసి ధోవతి కట్టుకోవడానికి షెడ్డు వెనక్కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బండికి బంతిపూల దండలు వేసి ఉన్నాయి. చక్రం కింద కొబ్బరికాయ పెట్టారు. మాజీ కుర్చీలో కూర్చుని ఉంది. ట్రాలీలో ఆమె మనవలు, పనివాళ్ల పిల్లలు కొందరు. డ్రైవరు తలపాగా చుట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చున్నాడు. నేను గిన్నె ఊడదీసి ఇంకొకసారి చూద్దామని బండి వైపు నడిచాను. పంతులు నా చేతిలో అక్షతలు పెట్టి వరసలో నిలబెట్టాడు. ముందురోజు చూశాను కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సెల్ఫ్ తిప్పాడు. బండి స్టార్ట్ అయింది. చప్పట్లు. గేరు వేసి మెల్లగా కదిలించాడు. కొబ్బరికాయ పగిలింది. మాజీ రెండు చేతులూ జోడించింది. ఇంజను చప్పుడు కొంచెం పెరిగింది. డ్రైవరు చేతి లివరు తగ్గించాడు. చప్పుడు తగ్గలేదు. ఇంకా పెరిగింది. నా అక్షతలు ఎప్పుడు జారాయో తెలీదు.

సైలెన్సరులోంచి తెల్లటి పొగ లేచింది. అందులో డీజిల్ కమురు కాదు, ఆవనూనె కాగిన వాసన! పకోడీల బండి దగ్గర వస్తుందే, అదే. ఎవరో గిన్నెలో ఆవనూనె పోశారు.

డ్రైవరు నిలిపే లివరు పూర్తిగా లాగాడు. ఆగలేదు. మిల్లులో విన్న చప్పుడే, ఈలలాగా సన్నబడుతూ. జనం వెనక్కి పరిగెత్తారు. అప్పుడు ఆయన చేసిన పని చూడండి. దూకెయ్యలేదు. వెనక పిల్లలున్నారు, ముందు జనం ఉన్నారు, బండి గేరులో ఉంది. వణికిపోతున్న గేరు రాడ్డు జోలికి పోకుండా, ఎడమ కాలితో క్లచ్, కుడి కాలితో బ్రేకు నేలకంటా తొక్కిపెట్టాడు. క్లచ్ మీంచి కాలు తీస్తే బండి ఆ వేగంతో మనుషుల మీదికి దూకుతుంది. ఫ్లైవీల్ పగిలితే ముందు తెగేది ఆయన కాళ్లే. ఆ సంగతి ఆయనకు తెలుసు, మిల్లు కథ నేనే చెప్పాను. రెండు కాళ్లూ బిగించి, తల తిప్పి, “లైకా మన్‌ల ఉతారో!” అని అరిచాడు. పిల్లల్ని దించండి అని.

వెల్డరు ట్రాలీలోంచి పిల్లల్ని బస్తాల్లా కిందికి విసిరాడు. నేను బండి దగ్గరికి ఉరికాను. గాలి ఆపితే ఇంజను చస్తుంది, ఇంకే దారీ లేదు. క్లీనరు పైన టోపీ లాగేశాను. గొట్టం నోరు మూయాలి. చెయ్యి పెడితే చెయ్యి పోతుంది, గుడ్డ పెడితే లోపలికి పీల్చేస్తుంది. చదునైన గట్టి వస్తువు కావాలి. పనిముట్లన్నీ దేవుడి ముందున్నాయి. బండి పక్కనే కొయ్యబారి నిలబడిపోయిన పంతులు చేతిలో హారతి పళ్లెం ఉంది. ఇత్తడిది. లాక్కున్నాను. కర్పూరం, కుంకుమ, పూలు నేల పాలయ్యాయి. పళ్లెం గొట్టం నోటికి అదిమిపెట్టి దాని మీద నా బరువంతా వేశాను. అది లోపలికి లాగుతుంటే ఇంకా గట్టిగా అదిమాను. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.

ఆ నిశ్శబ్దంలో మొదట వినిపించిన మాట పంతులుది. “పళ్లెం అపవిత్రం అయింది.”

వెల్డరు నేల మీద కూలబడి, “నీ పళ్లేనికి దండం పెడతానయ్యా, కొంచెం నోరు ముయ్యి” అన్నాడు. తెలుగులో అన్నాడు కాబట్టి బతికిపోయాడు.

డ్రైవరు ఇంకా క్లచ్ మీంచి కాలు తియ్యలేదు. ఇంజను చచ్చిపోయిందని నేను చెప్పాల్సొచ్చింది. మోకాలు పట్టేసింది. ఇద్దరం పట్టుకుని దించాం.

మర్నాడు పానాలు తీసుకుని విప్పితే కనెక్టింగు రాడ్డు వంగి ఉంది, పిస్టను పట్టేసి ఉంది. గిన్నెలో గీతకి పైన ఇంకా ఆవనూనె మిగిలి ఉంది. మేనేజరుకు చూపించాను. ఆయన గిన్నె వంక చూడలేదు.

“డ్రైవరు రేసు చేశాడు. కాలు నేలకంటా తొక్కిపెట్టడం అందరూ చూశారు” అన్నాడు.

“సాబ్, అది క్లచ్! ఈ బండికి కాలితో తొక్కే యాక్సిలరేటరే లేదు. చేతి లివరే ఉంది. రండి, చూపిస్తాను.”

“నాకు చూపించక్కర్లేదు మిస్త్రీజీ. ఇంజను పాడైంది. ఎవరో ఒకరు పాడుచేసి ఉండాలి కదా.”

“ఆవనూనె ఎవరు పోశారో కనుక్కోండి మరి.”

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ మాట ఇక్కడ ఇంకోసారి అనకండి.”

అప్పుడు అర్థమైంది, తెలియనిది నా ఒక్కడికే అని. వెల్డరును నిలదీస్తే చెప్పాడు. “మాజీయే గురూ. నువ్వు స్నానానికెళ్లినప్పుడు. ఆళ్లింట్లో పద్ధతంట, పూజనాడు ఇంటి పెద్దావిడ మెషీన్లకి తన చేత్తో నూనె పొయ్యాలంట. లేతుకీ డ్రిల్లుకీ రెండేసి చుక్కలేసింది. బండికెక్కడ పొయ్యాలని అడిగితే డ్రైవరు గిన్నె ఊడదీసి చూపించాడు. గీత చూపించి వద్దన్నాడు కూడా. సగం గిన్నె దేవుడి ముందు పెడతారేట్రా అని ఆవిడ నిండా పోసేసింది. ఆడేటి చేస్తాడు? పెద్దాయన పెళ్లాం!”

మరి నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని డ్రైవరును అడగడానికి గేటు దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే ఆయన్ని పంపేశారు. సైకిలుకు టిఫిను డబ్బా తగిలించుకుంటున్నాడు.

“కొంచెం ఒంపేద్దామనే అనుకున్నాను భయ్యా. ఆమె ఎదురుగానే కూర్చుంది. దేవుడికి పోసింది ఆమె కళ్ల ముందు నేలపాలు చెయ్యనా?”

“పద, లోపలికి. మాజీకి చెబుదాం.”

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ వంకర చేత్తోనే. “వద్దు. నా పెళ్లిలో పసుపు రాసింది ఆమె. పూజనాడు తన చేతి నూనె వల్లే పిల్లల ప్రాణాల మీదికి వచ్చిందని తెలిస్తే ఆమె ఇంక దేవుడికి దీపం పెట్టదు. ఆమె చెవిన పడనివ్వనని నాకు మాటివ్వు.”

“నీ ఉద్యోగం పోతోందయ్యా!”

“మాటివ్వు.”

ఇచ్చాను. ఏం చెయ్యను?

బండిని మళ్లీ కట్టాను. ఈసారి గాలి గొట్టంలో రేకు మూత ఒకటి పెట్టి, దాని తీగ సీటు పక్కకు తెచ్చాను. లాగితే గాలి ఆగిపోతుంది. మీలో ఎవరైనా పాత డీజిల్ బండిని బాగుచేస్తుంటే రంగు వెయ్యకముందే అది పెట్టండి. కొత్త డ్రైవరు వచ్చాడు. బండి తోటకు పోయింది. మాజీ చూసి సంతోషించిందని చెప్పారు.

పాత డ్రైవరు ఇటుక బట్టీలో కాపలా పనికి చేరాడు. బండ్లు నడిపే పని ఇంకెవరూ ఇవ్వలేదు. ఇంజన్లు పాడుచేసేవాడన్న పేరు ఆయనకంటే ముందు ఊళ్లకు చేరింది. ఉర్లా నుంచి ధర్సీవా దాకా డ్రైవర్లందరూ ఒకే టీ కొట్టు దగ్గర ఆగుతారు. ఆ మాట అక్కడే తిరిగేది. విన్నప్పుడల్లా నేను “అది క్లచ్” అని అరిచేవాణ్ణి. నేను రాగానే టీ కొట్టువాడు “అదిగో, క్లచ్ వచ్చాడు” అనేదాకా వెళ్లింది.

సేఠ్‌ను నేను వదల్లేదు. ప్రతి దీపావళికీ మిఠాయి అందుకుంటూ అదే అడిగేవాణ్ణి. మాజీ పేరు ఎత్తలేదు. “ఆయన తప్పు లేదని మీకు తెలుసు. తిరిగి పిలవండి” అని మాత్రమే. “చూద్దాం మిస్త్రీజీ” అనేవాడు. రిటైరైన రోజు శాలువా కప్పుతుంటే కూడా అడిగాను. ఫొటోలో ఇద్దరి మొహాలూ అలా ఉండడానికి కారణం అదే.

కోపం కంటే నన్ను ఎక్కువ తిన్నది భయం. ఆయన ఆ పేరుతోనే పోతాడేమోనన్న భయం. అలాగే పోయాడు. ఒక వానాకాలం ఆయన కొడుకు ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకాయన పక్కవాడితో, “మంచోడే గానీ, సేఠ్ బండి పాడుచేశాడు” అంటున్నాడు.

ఆ మాట విన్నాక ఇంటికి పోలేకపోయాను. ఆటో ఎక్కి నేరుగా రాయపూర్లో సేఠ్ ఇంటికి వెళ్లాను. మాటిచ్చింది ఎవరికో ఆయనే లేడు. సేఠ్ ఊళ్లో లేడన్నారు. మాజీ ఉందా అని అడిగాను.

వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది. కళ్లు సరిగ్గా కనబడవు. గొంతు విని నన్ను గుర్తుపట్టింది. “పళ్లెం మిస్త్రీవి కదూ?” అని నవ్వి, ముందుగా డ్రైవరు ఎలా ఉన్నాడని అడిగింది. పోయాడని చెప్పాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మాజీ, ఇన్నేళ్లూ మీ అబ్బాయిని అడిగాను, జవాబు రాలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రోజు గిన్నెలో నూనె పోసింది మీరే. బండి పిచ్చెత్తింది ఆ నూనెతోనే అని మీకు తెలుసా?”

ఆమె నా వైపు తిరిగింది.

“ఆవనూనె వాసన నాకు తెలీదా బేటా? బతుకంతా వంటింట్లో గడిపినదాన్ని. ఆ సాయంత్రమే కొడుకును పిలిచి, తప్పు నాది, వాణ్ణి ఒక్క మాట అనొద్దు అన్నాను. సరే అమ్మా అన్నాడు. తర్వాత, డ్రైవరే పని మానేసి ఊరెళ్లిపోయాడని నాతో చెప్పాడు, నమ్మాను. నా మీద అలిగి రావడం లేదనుకున్నాను. మీరందరూ కలిసి నన్ను కాపాడారు. వాణ్ణి కాపాడడానికి నన్ను ఒక్కరూ పిలవలేదు.”